డానెవిర్కె: కర్తృవిచారము

జర్మనీదేశపు ఉత్తరభాగమున, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రమున, ష్లెస్విగ్ పట్టణమునకు నైరృతిదిశను పచ్చికచేల నడుమఁ బొడవైన మట్టికట్ట యొకటి సాగిపోవుచుండును. దానిపై గొఱ్ఱెలు మేయుచుండును. ఎఱుఁగనివాఁడు చూచినచో నది చెఱువుకట్ట యని తలఁచును. కాని దాని కిరుప్రక్కల నెచ్చటను జెఱువు లేదు. ఇదియే డేనుజాతివారి ప్రాచీన రక్షణరేఖ యగు డానెవిర్కె. దీని శాఖలన్నిటిని గలిపి లెక్కించినచో నిడివి 30 కిలోమీటర్లకు మించును. ఉత్తర ఐరోపాఖండమున నింతటి ప్రాచీన వప్రము మఱియొకటి యరుదు.

దీనిని లోకము వైకింగుల గోడ యని వ్యవహరించుచున్నది. దీని కర్త యెవరను ప్రశ్నకు వేఱువేఱు కాలములందు మూఁడు సమాధానములు చెప్పఁబడినవి. మొదటిది యొక రాణి పేరు చెప్పును. రెండవది యొక రాజు పేరు చెప్పును. మూఁడవది యే మనుష్యుని పేరును జెప్పక, నఱకఁబడిన యోకమ్రానుల వయస్సును మాత్రము చెప్పును. ఈ మూఁటిలో దేనిని బ్రమాణముగాఁ గొనవలయును, తక్కిన రెంటి నేమి చేయవలయును అనునది యిచ్చట విచార్యము. ఇది డేనులకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. శాసనములను, వంశచరితములను జదువు ప్రతివారికిని 'ఫలానా రాజు ఫలానా కోటను గట్టించెను' అను వాక్యము పదేపదే తటస్థించుచుండును. అట్టి వాక్యముయొక్క సరియైన యర్థమేదియో తేల్చుట కీ మట్టికట్ట మంచి యుదాహరణము.

స్థలస్వరూపము

జూట్లండు ద్వీపకల్పము ఐరోపా భూభాగమునుండి ఉత్తరముగాఁ జొచ్చుకొనిపోయినది. దాని తూర్పున బాల్టిక్ సముద్రము, పడమట ఉత్తరసముద్రము. ఆ ద్వీపకల్పపుఁ గంఠప్రదేశమునఁ దూర్పుసముద్రమునుండి ష్లై యను సన్నని కయ్య నలుబది కిలోమీటర్లకుఁ బైగా లోపలికి వచ్చి ష్లెస్విగ్ పట్టణమువద్ద ముగియుచున్నది. పడమటనుండి ఐడర్ నది, దాని యుపనది యగు ట్రేనె, వానిఁ జేరియున్న చిత్తడినేలలు లోపలికి వ్యాపించియున్నవి. ఈ రెండు జలప్రదేశముల నడుమ మిగిలిన యెండునేల మిక్కిలి యిఱుకైనది. ద్వీపకల్పము పొడవునను ఉత్తరదక్షిణములుగాఁ బోవు ప్రాచీనమార్గ మీ యెండునేలమీఁదుగనే పోవలయును. దానిని డేనులు సైన్యమార్గమనియు, జర్మనులు ఎద్దులమార్గమనియుఁ బిలుతురు. ఒకే బాటకు నొకరు సేన పేరును, వేఱొకరు పశువుల పేరును బెట్టుటలో నా బాట చేసిన రెండు సేవలును దెలియుచున్నవి.

ఇది గాక తూర్పుపడమరలుగా మఱియొక మార్గము గలదు. ష్లై కయ్యతీరమున హేడెబీ యను వర్తకపట్టణ ముండెను. తూర్పుసముద్రపు టోడ లచ్చటికి వచ్చును. ఆ సరకులను బండ్లపై నెత్తి పదునాఱు పదునెనిమిది కిలోమీటర్లు పడమరకుఁ గొనిపోయినచో ట్రేనె నదిపైనున్న హోలింగ్‌స్టెడ్ రేవు చేరును. అచ్చటనుండి ఉత్తరసముద్రమునకు జలమార్గము గలదు. జూట్లండును జుట్టివచ్చు ప్రమాదకరమైన సముద్రయాత్ర యిందువలనఁ దప్పును. డానెవిర్కె యీ వర్తకమార్గమునకు దాదాపు సమాంతరముగాఁ బోవుచున్నది. కావున నది దక్షిణమునుండి వచ్చు సేన కడ్డుగోడయు, తూర్పుపడమరల వర్తకమునకుఁ గంచెయు నైనది. రాజు పన్ను గైకొను చోటును, శత్రువు నెదిరించు చోటును నొక్కటే.

తూర్పునుండి పడమరకు నడచువానికి మొదట హేడెబీ యర్ధవృత్తాకార వప్రము కనఁబడును. అది పట్టణపు మూఁడుదిక్కులను జుట్టుకొని నీటివైపున మాత్రము తెఱపి విడిచినది. దానిలోపలి నేల సుమారు 24 హెక్టారులు. అచ్చటనుండి యొక సంధివప్రము ప్రధానవప్రమును గలుపుచున్నది. ప్రధానవప్రము నేఁటి డానెవెర్క్ గ్రామముమీఁదుగాఁ బోవును. దానికిఁ బడమట వక్రవప్రము చిత్తడినేలల యంచువెంట మెలికలు దిరుగుచుఁ బోయి ముగియును. వీనికి దక్షిణముగా కోవిర్కె యను వేఱొక కట్ట బాణమువలె నిటారుగాఁ బోవుచున్నది. ష్లై కయ్య నీటిలోపలఁ గూడ రేస్‌హోల్మ్ వద్ద ఎనిమిదవ శతాబ్దినాఁటి కొయ్యల యడ్డుకట్ట బయల్పడినది. చూచువాని కివి యన్నియు నొక్కకాలమున నొక్కని యాలోచన ననుసరించి కట్టఁబడినట్లు తోఁచును. అట్లు తోఁచుటయే కర్తృత్వవిషయమైన భ్రమకు మొదటి కారణము.

నామవిచారము

'డానెవిర్కె' యను పేరు సమాసము. ప్రాచీన స్కాండినేవియా భాషలో 'వీర్కి' యనఁగా పని, చేసిన కట్టడము, అందుండి కోట యని యర్థము. ఆంగ్లమునందలి 'వర్క్' దీని బంధువే. 'దాన' యనునది డేనులను జెప్పు శబ్దముయొక్క షష్ఠీబహువచనము. కావున షష్ఠీతత్పురుషముగా 'డేనుల కట్టడము' అని యర్థము. ఇచ్చటి షష్ఠి కేవలసంబంధమును జెప్పినదా, కర్తను జెప్పినదా యని వైయాకరణు లడుగవచ్చును. కృదంతయోగమునఁ గర్తకు షష్ఠి వచ్చుట సంస్కృతమున సుప్రసిద్ధము. ఆ రీతిని జూచినచో నీ పేరునందే కర్త చెప్పఁబడియున్నాఁడు, అతఁడు బహువచనాంతుఁడు. ఈ విషయము తరువాతి విచారమున నుపయోగపడును.

హేడెబీ పేరును గూడ నిట్లే విడఁదీయవచ్చును. మొదటిపదము బీడునేలను జెప్పును. రెండవపదము 'బ్యూర్', నివాసస్థానము. ఇది 'బూఅ' యను ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువును సంస్కృతమునందలి 'భూ' ధాతువును నొక్క మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున బీటిపై నెలకొన్న యూరు హేడెబీ. 'వైకింగు' శబ్దవ్యుత్పత్తియందు మాత్రము పండితుల కేకాభిప్రాయము లేదు. కయ్యను జెప్పు 'వీక్' శబ్దమునుండి వచ్చినదని కొందఱు, వర్తకస్థానమును జెప్పు 'వీక్' శబ్దమునుండి యని కొందఱు చెప్పుదురు. రెండవపక్షమువా రా శబ్దమును లాటిను 'వీకుస్' శబ్దముతోఁ గలుపుదురు. ఆ లాటినుశబ్దము మన 'వేశ' శబ్దమునకు సోదరము.

రాణి కథ

పండ్రెండవ శతాబ్ది చివర డేనుల చరిత్రమును లాటినుభాషలో వ్రాసిన స్వెన్ ఆగ్గెసెన్, సాక్సో గ్రమాటికస్ అనువా రీ కట్టడమును థూరా యను రాణి కారోపించిరి. ఈమె పదవ శతాబ్దమున నేలిన గోర్మ్ రాజు భార్య. స్వెన్ చెప్పిన కథ యిట్టిది: జర్మను చక్రవర్తి యగు ఒట్టో యామెను గోరెను, ఆమె యొప్పుకొన్నట్లు నటించి గడువడిగెను, ఆ గడువులో దేశమునందలి ప్రజలనెల్లఁ బిలిపించి గోడను గట్టించెను, కట్టిన పిదపఁ జక్రవర్తిని దిరస్కరించెను. ఈ కథ డేనుల హృదయములందుఁ జిరకాలము నిలిచినది. ప్రధానవప్రము ప్రక్కనున్న యొక కోటదిబ్బకు నేఁటికిని థూరా పేరే గలదు.

ఈ కథకు మూలమేది? జూట్లండునందలి యెల్లింగ్ గ్రామమున గోర్మ్ రాజు తన భార్య జ్ఞాపకార్థము నిలిపిన రూనులిపి శిలాశాసన మొకటి గలదు. అందు థూరా పేరునకుఁ బిదప 'డెన్మార్కు బోత్' అను బిరుదు వచ్చును. 'బోత్' అనఁగా చికిత్స, మేలుసేఁత, లోటు దీర్చుట యని యర్థములు. అలంకారమని కొంద ఱనువదించిరి. డెన్మార్కు పేరు ఆ దేశపు నేలమీఁదనే వ్రాయఁబడిన శాసనములలో నిది ప్రాచీనతమమైనదిగాఁ బరిగణింపఁబడుచున్నది. ఈ బిరుదు సమానాధికరణమై రాణిని జెప్పునా, లేక వాక్యారంభముననున్న రాజును జెప్పునా యనుటయందును వివాదము గలదు. రాణిపరముగా నన్వయించుట బహుజనసమ్మతము. దేశమున కామె చేసిన మేలేమియో శాసనము చెప్పలేదు. రెండువందల యేండ్లకుఁ బైగాఁ గడచినపిదపఁ గథకు లా లోటును బూరించిరని యూహింపఁదగును. బిరుదమున్నది, దానికి హేతువు కానరాదు. గోడ యున్నది, దానికిఁ గర్త కానరాఁడు. రెండు లోట్లను నొక కథ తీర్చినది. బిరుదములనుండి కథలు పుట్టుట కావ్యచరిత్రము లెఱిఁగినవారికిఁ గ్రొత్త గాదు.

రాజు వాక్యము

రాణికథకంటెఁ బ్రాచీనమును, సమకాలికమును నగు సాక్ష్యము ఫ్రాంకు రాజవార్షికములందుఁ గలదు. ఫ్రాంకుల ప్రభువగు షార్లెమేన్ సాక్సనులను జయించి, 804వ సంవత్సరమున ఎల్బెనది కావలనున్న సాక్సనులను దేశమునుండి తొలఁగించి, యా నేలను దన మిత్రులగు ఆబొడ్రైటులను స్లావుజాతివారి కిచ్చెను. ఇందువలన ఫ్రాంకుల ప్రాబల్యము డేనుల గుమ్మమువఱకు వచ్చెను. 808వ సంవత్సరమున డేనురాజగు గుద్‌ఫ్రెడ్ ఆబొడ్రైటులపై దండెత్తి, రేరిక్ అను రేవుపట్టణమును బాడుచేసి, యచ్చటి వర్తకులను దనవెంటఁ గొనిపోయి, స్లీస్‌తోర్ప్ అను రేవు చేరెను. ఇది హేడెబీప్రాంతపు రేవని పండితుల యభిప్రాయము. అచ్చటఁ గొన్నిదినము లుండి, తన రాజ్యమునకు సాక్సనులవైపుననున్న సరిహద్దును వప్రముచే దృఢపఱుప నిశ్చయించెనని వార్షికములు చెప్పుచున్నవి. ఆ వప్రము తూర్పుకయ్యనుండి పడమటి సముద్రమువఱకు ఐడర్ నది యుత్తరపుటొడ్డు నంతటిని గప్పవలయుననియు, బండ్లును గుఱ్ఱపురౌతులును బోవుటకు నొక్క ద్వారము మాత్రము విడువవలయుననియు నందు గలదు. పిదప నతఁడు పనిని దన సేనానాయకులకుఁ బంచియిచ్చి యింటికి మరలెను. రెండేండ్లకు, 810లో, అతఁడు హత్య గావింపఁబడెను. అతని యనంతరము వచ్చిన హెమింగ్ 811లో ఫ్రాంకులతో సంధి చేసికొనెను.

సమకాలికులు వ్రాసినది గావున నీ వాక్యమును జిరకాలము చరిత్రకారులు సంపూర్ణప్రమాణముగాఁ గొనిరి. డానెవిర్కె గుద్‌ఫ్రెడ్ కృతి యని పాఠ్యపుస్తకములందు వ్రాయఁబడెను. కాని వాక్యమును మెల్లఁగాఁ జదివినచో మూఁడంశములు తేలును. మొదటిది: వార్షికకారుఁడు 'కట్టెను' అనలేదు, 'దృఢపఱుప నిశ్చయించెను' అనెను. అది సంకల్పమేగాని సిద్ధి కాదు. రెండవది: వాక్యమున ఐడర్ తీరము చెప్పఁబడినది, నేలమీఁది వప్రములు ఐడరునుండి చాలదూర ముత్తరముగ నున్నవి. దూరదేశమున నుండి వ్రాయువాఁడు తన కెఱుకపడిన నది పేరు వాడెనని గ్రహింపవచ్చును. మూఁడవది: పనిని నాయకులకుఁ బంచి రాజు మరలిపోయెను.

ఈ మూఁడవ యంశమున మహాభాష్యమునందలి యొక విచారము స్మరణీయము. ప్రేరణార్థమున ణిచ్ప్రత్యయమును విధించు సూత్రముపై పతంజలి యొక శంక నెత్తెను. ఒకఁడు ప్రక్కను ఊరక కూర్చుండియుండఁగా, వాఁ డైదునాగళ్లతో దున్నుచున్నాఁడని లోకము చెప్పును, దున్నించుచున్నాఁడని చెప్పవలదా? దానికి సమాధానము: దున్నుట యనఁగా నాగలిఁ బట్టుట మాత్రమే కాదు, కూలివారికి భోజనమును, విత్తనములను, ఎద్దులను సమకూర్చుటయు నా ధాత్వర్థమునఁ జేరినదే. కావునఁ గూర్చున్నవాఁడును దున్నువాఁడే. ఈ సమాధానము చరిత్రకారునకు మిక్కిలి యుపకారకము. 'రాజు గోడ కట్టెను' అనునపుడు కట్టుట యనఁగా నాజ్ఞయు, ధాన్యమును, జనులను గూర్చుటయు. అది యసత్యము కాదు. కాని యా యర్థమున నొక కట్టడమునకుఁ గర్తలనేకులు గావచ్చును. ఒక్కొక్క తరమునందును గూర్చువాఁడు వేఱు. మొదట నాగలి పెట్టినవాఁ డెవఁడను ప్రశ్నకు మాత్ర మా వాక్యము సమాధానము గానేరదు.

మ్రాని సాక్ష్యము

ఆ ప్రశ్నకు సమాధానము 1970వ దశకమునందలి త్రవ్వకములలో దొరికెను. వప్రపు టడుగున నోకకొయ్యలు పాతిన దారుప్రాకారపుఁ గ్రిందిభాగము తడినేలలోఁ జెడక నిలిచియుండెను. ఆ కొయ్యలకు వృక్షవలయగణనమువలనఁ గాలనిర్ణయము చేయఁబడినది. ఈ పద్ధతి సులభముగనే తెలియును. వృక్షము ఏటేఁట నొక్కొక్క వలయమును బెంచుకొనును. వానయు వెచ్చఁదనమును ననుకూలించిన యేఁట వలయము వెడల్పుగ నుండును. లేనియేఁట సన్నముగ నుండును. ఒక ప్రాంతమునందలి యోకలన్నిటను నా వెడల్పుసన్నముల వరుస యించుమించుగా నొక్కరీతి నుండును. నేఁటి వృక్షముల వరుసను పాత యిండ్ల దూలముల వరుసతోను, వానిని మఱింత ప్రాచీనములగు కొయ్యలతోను నతికినచో శతాబ్దులు వెనుకకుఁ బోవు గొలుసు సిద్ధించును. బెరడువఱకు నిలిచిన కొయ్య దొరకినచో మ్రానును నఱకిన సంవత్సరమే తెలియును.

డానెవిర్కె కొయ్యలు 737వ సంవత్సర ప్రాంతమున నఱకఁబడినవి. అనఁగా గుద్‌ఫ్రెడ్ సంకల్పమునకు 71 యేండ్లు పూర్వము. షార్లెమేన్ పుట్టుటకును బూర్వము. లిండిస్‌ఫార్న్ మఠముపైఁ బడిన 793వ సంవత్సరమునుండి వైకింగుల యుగము లెక్కించుట యాచారము. ఆ లెక్కను జూచిన నీ దారుప్రాకారము వైకింగుల యుగముకంటె 56 యేండ్లు పెద్దది. దాని క్రింద నింకను బ్రాచీనములగు మట్టిస్తరములు గలవు. కావున 737లోఁ గట్టినవారును మొదటివారు గారు.

ఆకాలమున నింతపని చేయింపఁగల ప్రభుత్వము డేనులకుఁ గలదా యని సంశయము పుట్టవచ్చును. దానికిని మ్రానులే యుత్తర మిచ్చినవి. సామ్సో ద్వీపమున నేలను ద్రవ్వి చేసిన కాన్‌హావె కాలువ కొయ్యలు 726 నాఁటివని తేలినది. జూట్లండు పడమటితీరమున రీబె వర్తకస్థానము 700 ప్రాంతముననే వెలసినది. ఆ శతాబ్దారంభమున మతబోధకుఁడగు విల్లిబ్రోర్డ్ డేనులరాజగు ఓంగెండుస్ అనువానిని దర్శించెనని యాతని చరిత్రమునఁ గలదు. వీనినన్నిటిని గలిపి చూచినచో ఎనిమిదవ శతాబ్ది పూర్వార్ధముననే కూలిజనమును, కలపను, కాలమును గూర్చి పనిచేయించు ప్రభుశక్తి యచ్చట నుండెనని స్పష్టమగును. లిఖితచరిత్రము మౌనమువహించిన కాలమునుగూర్చి నేల మాటలాడినది.

కొయ్య వాడుటనుగూర్చి యొక మాట. మన యర్థశాస్త్రకారుఁడు దుర్గవిధానమునఁ బరిఖలనుండి తీసిన మట్టితో వప్రమును బోసి, యేనుఁగులచేతను ఎద్దులచేతను ద్రొక్కించి, దానిపైఁ బ్రాకారమును గట్టవలయునని చెప్పి, కొయ్యప్రాకారము కూడదనియు, నం దగ్ని పొంచియుండుననియు నిషేధించెను. ఐనను బాటలీపుత్రమునకే కొయ్యప్రాకార ముండెనని మెగస్తనీసు వ్రాసెను; త్రవ్వకములందు నా కొయ్యలు దొరకినవి. ఱాయి యరుదై యడవి సమృద్ధమైనచోట శాస్త్రము నేలకు లోఁబడును. జూట్లండునందును మొదట మట్టియు, పచ్చికగడ్డలును, ఓకకొయ్యయు వాడిరి. పిమ్మటఁ బొలములందు దొరకు గుండ్రాళ్లను బేర్చి మూఁడుమీటర్ల మందముగల గోడను గట్టిరి. ఇటికపని తెలిసినపిదప నిటికతోఁ గట్టిరి. వస్తువు మాఱినను స్థానము మాఱలేదు.

స్తరములు, కర్తలు

ఇట్లు చూచినచో డానెవిర్కె యొక కట్టడము గాదు, కట్టడముల వరుస. హేడెబీని బ్రధానవప్రముతోఁ గలుపు సంధివప్రము పదవ శతాబ్దమున, 960వ దశకమునఁ గట్టఁబడినదని కొయ్యలు చెప్పుచున్నవి. అది గోర్మ్ కుమారుఁడును, నీలదంతుఁడను బిరుదము గలవాఁడును నగు హరాల్డ్ రాజు కాలము. కోవిర్కె గుద్‌ఫ్రెడ్ వప్రమే యని పూర్వులు కొందఱు తలఁచిరి. ఇప్పు డదియు హరాల్డ్ కాలపుఁ జివరిదని, 980 ప్రాంతముదని నిర్ణయింపఁబడుచున్నది. 974లో జర్మను చక్రవర్తి యగు రెండవ ఒట్టో యీ రేఖను ఛేదించెను. 983లో డేనులు పోయినదానిని మరలఁ గైకొనిరి. ఆ 974 నాఁటి దండయాత్రను జెప్పుచు థీట్‌మార్ అను మతాధికారి యిచ్చటి కందకమును, 'విగ్లెస్‌దోర్' అను ద్వారమును బేర్కొనెను.

కడపట పండ్రెండవ శతాబ్దమున నేలిన మొదటి వాల్డెమార్ రాజు ప్రధానవప్రపు ముఖభాగమున సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవున నిటికగోడను గట్టించెను. దాని మందము రెండుమీటర్లు. ఎత్తు ఏడుమీటర్లవఱకు నుండెనని గణించిరి. ఇటికపని యా దేశములకుఁ గ్రొత్తగా వచ్చిన కాలమది. ఉత్తరదేశములందలి ప్రాచీనతమములైన యిటికకట్టడములలో నిదియొకటి. అతఁడు 1182లో మరణింపఁగా రింగ్‌స్టెడ్ దేవాలయమున సమాధి చేసిరి. ఆ సమాధిలోని సీసపుఁ బలకపై నతని ఘనకార్యములలో, డానెవెర్కు అని వాడుకనున్న గోడను గాల్చిన యిటికలతో మొదట నిర్మించినవాఁ డితఁడని వ్రాయఁబడియున్నది. ఈ వాక్యముయొక్క నియమము గమనింపఁదగినది. అతఁడు గోడకు మొదటి కర్త యని చెప్పలేదు. ఇటికతోఁ గట్టుటలో మొదటివాఁడని మాత్రము చెప్పినది. విశేషణ మెంతవఱకుఁ బోవునో కర్తృత్వము నంతవఱకే. ప్రశస్తి యిట్లు మితముగా మాటలాడుట యరుదు. మాటలాడినపుడు నేల దానిని సమర్థించుచున్నది.

2010లోఁ బ్రధానవప్రమునందలి ద్వారస్థానము త్రవ్వకములలో బయల్పడెను. గుండ్రాళ్లగోడ రెండువైపులను నాఁగిపోయి, నడుమ నాఱుమీటర్ల వెడల్పున బాటకుఁ దావిచ్చినది. సైన్యమార్గము పోవునది యిందుగుండనే. ఫ్రాంకు వార్షికములందలి బండ్లును రౌతులును బోవు నొక్కద్వారము మాట యిచ్చట నేలమీఁదఁ గనఁబడుచున్నది. వాక్యమున నదిపేరు సరిపడలేదు, కాలము సరిపడలేదు, ద్వారము సరిపడినది. కావున నొకచోటఁ దప్పిన సాక్షిని బూర్తిగా ద్రోసివేయుటయుఁ దగదు. వార్షికకారుఁడు వినినదానిలో నిజమున్నది. గుద్‌ఫ్రెడ్ క్రొత్తగోడను గట్టలేదు. ఉన్నదానిని జీర్ణోద్ధారము చేయ సంకల్పించెను. మనదేశమున జీర్ణోద్ధారము నూతననిర్మాణముకంటెఁ దక్కువపుణ్యము గాదని తలఁచిరి. గుద్‌ఫ్రెడ్ కీర్తికి నిందువలన లోపము లేదు.

నీరు, మంచు

ఈ వప్రముయొక్క బల మెందున్నదో తెలిసికొనుటకు 1864వ సంవత్సరము చూడవలయును. విడువఁబడి చిరకాలము మఱవఁబడిన యీ కట్ట, పందొమ్మిదవ శతాబ్దమున డేనుల జాతీయభావమునకుఁ జిహ్నమయ్యెను. కవియు మతాచార్యుఁడును నగు గ్రుంట్విగ్ 1816 మొదలు 1819 వఱకు నడపిన పత్రికకు డానెవిర్కె పేరే పెట్టెను. డేనులు మొదలగు స్కాండినేవియావారు 1872లో న్యూజీలండున స్థాపించిన యూరికిని నా పేరే పెట్టిరి. 1848 ఏప్రిలు 23న ష్లెస్విగ్ యుద్ధమున ప్రష్యనులు దీనిని దాఁటిరి. తరువాతి కాలమున డేనులు మట్టికోటలను, ఫిరంగులను జేర్చి దీనిని మరల దృఢపఱచిరి. డానెవిర్కె నిలిచినంతకాలము దేశము నిలుచునని ప్రజలు విశ్వసించిరి.

1864 ఫిబ్రవరి 1న ప్రష్యా ఆస్ట్రియా సేనలు ఐడరును దాఁటినవి. అది తీవ్రమైన చలికాలము. ష్లై కయ్యయు, చిత్తడినేలలును గడ్డకట్టినవి. వప్రము నడుమఁ జక్కఁగనే యున్నది. కాని దాని రెండు కొనలను గాచునది నీరు. నీరు నేలగా మాఱినపుడు గోడకుఁ గొన లేదు, శత్రువు చుట్టివచ్చును. సేనాపతి యగు ద మెజా యీ సంగతి గ్రహించి, యధికారులతో నాలోచించి, ఫిబ్రవరి 5వ తేది రాత్రి సేనను వెనుకకు మరల్చెను. బరువైన ఫిరంగులు విడువఁబడినవి. సైనికులు మంచుబాటను రాత్రియంతయు నడచిరి. ఆ మఱునాఁడే ప్రష్యనులు ఆర్నిస్ వద్ద ష్లై కయ్యను దాఁటిరి. సేన చుట్టుముట్టఁబడక తప్పించుకొనెను. కాని కోపన్‌హాగెను నగరమున నీ వార్త పిడుగువలెఁ బడినది. పోరాడకయే డానెవిర్కెను విడుచుట ద్రోహమని ప్రజలు తలఁచిరి. ద మెజా పదవినుండి తొలఁగింపఁబడెను.

కర్తృవిచారము కేవలపాండిత్యము గాదనుట కిదియే నిదర్శనము. రాణి కట్టిన యభేద్యమైన గోడ యను కథను నమ్మినవారికి సేనాపతి పిఱికివాఁడుగాఁ గనఁబడెను. మట్టి, కొయ్య, నీరు, ఋతువు అనువాని కూడికగా గోడను జూచినవానికి నతఁడు వేలకొలఁది ప్రాణములను రక్షించినవాఁడుగాఁ గనఁబడును. చరిత్రమును గథగాఁ జదివినపుడు దాని మూల్యమును జెల్లించువారు చదివినవారు కారు, మంచులో నడచినవారు.

ఆ యుద్ధమున డెన్మార్కు ష్లెస్విగును, హోల్‌స్టైనును, లౌయెన్‌బుర్గును గోల్పోయెను. 1920లోఁ బ్రజల సమ్మతి ననుసరించి యుత్తర ష్లెస్విగ్ డెన్మార్కునకు మరలివచ్చినను, క్రొత్తసరిహద్దు డానెవిర్కెకుఁ జాల యుత్తరముగా నేర్పడెను. దక్షిణపువారిని నిలుపుటకుఁ గట్టిన గోడ యిట్లు దక్షిణపువారి దేశమునఁ జేరిపోయినది. 1955లో జర్మనీ డెన్మార్కు ప్రభుత్వములు తమతమ దేశములందలి యల్పసంఖ్యాకుల హక్కులనుగూర్చి ప్రకటనలు చేసినవి. వప్రము ప్రక్కను ష్లెస్విగునందలి డేనుల సంఘము 1990లో ప్రదర్శనశాలను దెఱచెను. 2018లో హేడెబీయు డానెవిర్కెయుఁ గలిసి ప్రపంచవారసత్వస్థానముల జాబితాలోఁ జేర్పఁబడినవి. వాల్డెమార్ ఇటికగోడ యవశేషమును, 1864 నాఁటి ఫిరంగిదిబ్బను మరలఁ గట్టిన రూపమును నేఁ డచ్చట సమీపసమీపముననే చూడవచ్చును.

ఉపసంహారము

పైవిచారమువలనఁ దేలిన విషయములు సంగ్రహముగా నివి. థూరా రాణి కథ బిరుదార్థమును బూరించుటకుఁ బుట్టినది. అది పండ్రెండవ శతాబ్దివారి దేశాభిమానమునకు సాక్ష్యము, ఎనిమిదవ శతాబ్ది నిర్మాణమునకు గాదు. ఫ్రాంకు వార్షికముల వాక్యము సంకల్పమునకును, ద్వారమునకును సాక్ష్యము, ప్రథమనిర్మాణమునకు గాదు. వాల్డెమార్ సీసపుఁ బలక తాను జెప్పినంతవఱకు యథార్థము. ఓకకొయ్య సంవత్సరమును జెప్పును గాని యాజ్ఞాపించినవాని పేరు జెప్పదు. ఏ సాక్ష్యమును మిథ్య గాదు. ప్రతిదానికిని దన విషయమందే ప్రామాణ్యము. గ్రంథముల వాక్యములఁ జదువుటకుఁ దగిన శ్రద్ధనే నేలను జదువుటయందును, నేలకుఁ జూపిన గౌరవమునే వాక్యపు విభక్తిక్రియలయందును జూపినవారికి మాత్రమే యివి యొండొంటితో విరోధింపక కలిసి పలుకును.

కర్త యెవరనుటకు నాలుగైదు శతాబ్దుల కూలిజనము, వారికిఁ గూడుపెట్టి పని పంచిన ప్రభువులు, కూలినదానిని మరల నెత్తిన యనంతరులు అని చెప్పవలయును. వారిలోఁ బేరు నిలిచినవారు ముగ్గురో నలుగురో. తక్కినవారిని 'డేనులు' అను బహువచనము గర్భీకరించుకొని, యా కట్టడపుఁ బేరునందే షష్ఠీవిభక్తిలో నిలిచియున్నది.